లారీ ఎక్కడికి పోతుంది?

పోయిన సంవత్సరం మా సోషల్ టీచరుగారు మా క్లాసుకు ఒక పని ఇచ్చారు. "మనం ఉంటున్న ఈ చెన్నపట్నం గురించి ఏదో ఒక విషయం తీసుకుని దాని చరిత్ర రాయండి. కోట గురించే రాయాలని లేదు, మీకు దగ్గరగా ఉన్న విషయం రాయండి" అన్నారు. అందరూ చేతులెత్తారు. ఒకరు సెంట్ జార్జ్ కోట అన్నారు, ఒకరు రిపన్ బిల్డింగ్ అన్నారు, ఇద్దరు మెరీనా కోసం పోట్లాడుకున్నారు. నేను చివర్లో లేచి "సెప్టిక్ ట్యాంకు లారీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. టీచరుగారు మాత్రం నవ్వలేదు. "రాయి. కానీ ఊరికే కంపు అని రాయొద్దు. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది, ఎవరు మోశారు, అది రాయి" అన్నారు.

ఆ రోజు క్లాసులో నేను చెప్పని మాట ఒకటుంది. మా నాయన నడిపేది ఆ లారీనే. మా తాత అంతకుముందు మ్యాన్‌హోల్‌లో దిగి పని చేసినాయన. కాబట్టి ఈ చరిత్ర నాకు పుస్తకంలో కంటే ముందు ఇంట్లోనే దొరికింది. తేదీలు, లెక్కలు చదివి తెలుసుకున్నాను. మిగిలింది వాళ్లిద్దరినీ అడిగి రాశాను.

బండ్ల కాలం

ఇప్పుడు బాత్‌రూంలో నీళ్లు పోస్తే అంతా పోతుంది. ఎక్కడికి పోయిందో మనం ఆలోచించం. నూటయాభై ఏళ్ల కింద అలా కాదు. అప్పటి మద్రాసులో ఎక్కువ ఇళ్లకు ఎండు మరుగుదొడ్లే. మనుషులు వచ్చి చేతులతో ఎత్తి, తట్టల్లో, బండ్లలో ఊరి బయటికి తీసుకుపోయేవాళ్లు. తెల్లారకముందే ఆ పని అయిపోవాలి, ఎందుకంటే ఆ బండినీ ఆ మనిషినీ చూడటం కూడా ఊరికి ఇష్టం లేదు. కులం చూసి ఆ పని కొందరికే అంటగట్టారు. ఆ పనికీ ఆ మనుషులకూ తెలుగులో ఒక పేరుంది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. నేనూ ఇక్కడ రాయను.

మద్రాసు కార్పొరేషన్ 1688లోనే మొదలైంది. మన దేశంలో అన్నిటికంటే పాత కార్పొరేషన్ ఇదే. కానీ అంత పాత కార్పొరేషన్‌కి కూడా భూమి కింద డ్రైనేజీ రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఇంగ్లండ్‌లో 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపుకి పార్లమెంటులో కూర్చోలేక, అప్పుడు లండన్‌లో పెద్ద మురుగు కాలువలు కట్టారు. అదే సమయంలో ఇండియాలో ఉన్న తెల్ల సిపాయిలు యుద్ధంలో కంటే రోగాలతో ఎక్కువమంది చనిపోతున్నారని ఒక రాయల్ కమిషన్ వేశారు. 1863లో దాని నివేదిక వచ్చింది. ఆ తర్వాత మద్రాసులో శానిటరీ కమిషన్ పెట్టారు. టల్లక్ అనే ఇంజనీరు 1860లలోనే మద్రాసుకు డ్రైనేజీ పథకం రాసిచ్చాడు. కానీ కాగితం మీద ఉన్నది భూమి కిందికి దిగడానికి చాలా కాలం పట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే జార్జ్ టౌన్ వైపు పని మొదలైంది. జార్జ్ టౌన్‌ని అప్పట్లో బ్లాక్ టౌన్ అనేవాళ్లు. మన తెలుగు వర్తకులు ఎంతోమంది కాపురమున్న చోటు అది.

ఆరు లక్షల అరవై వేల మంది కోసం

ఇప్పుడు మనం వాడుతున్న డ్రైనేజీకి అసలు ప్లాను 1910లో వేశారు. నాకు ఇందులో బాగా నచ్చిన విషయం ఏమిటంటే, ఆ ఇంజనీర్లు యాభై ఏళ్లు ముందుకు చూశారు. 1961 నాటికి ఊర్లో 6.6 లక్షల మంది ఉంటారు, మనిషికి రోజుకు 114 లీటర్ల చొప్పున మురుగునీరు వస్తుంది అని లెక్క వేసి గొట్టాలు వేశారు. 1911 జనాభా లెక్కల్లో మద్రాసులో ఉన్నది 5,18,660 మంది. అందుకని వాళ్ల అంచనా అప్పట్లో సరిగ్గానే కనబడి ఉంటుంది. తీరా 1961 వచ్చేసరికి ఊర్లో 17 లక్షల పైన ఉన్నారు. అంటే ఆరుగురికి వండిన అన్నం పదహారు మందికి వడ్డించినట్టు.

ఇంకో సంగతి కూడా ఉంది. చెన్నై చదునుగా ఉండే ఊరు. సముద్రానికి ఇంచుమించు సమానంగా ఉంటుంది. కొండమీది ఊరైతే మురుగు దానంతట అదే కిందికి పారుతుంది. ఇక్కడ కొంత దూరం పోయాక గొట్టం బాగా లోతుకి పోతుంది, అక్కడి నుంచి పంపు పెట్టి పైకి ఎత్తి మళ్లీ వదలాలి. అందుకే ఊరంతా పంపింగ్ స్టేషన్లు ఉన్నాయి. మన బడికి వచ్చే దారిలో చాలామంది ఒక పంపింగ్ స్టేషన్ దాటే వస్తారు, ముక్కు మూసుకుంటారు కాబట్టి చూసి ఉండరు. ఒకప్పుడు ఆ మురుగుని కొడుంగైయూర్ పొలాలకు పారించి గడ్డి పెంచేవారు. ఇప్పుడు కొడుంగైయూర్, కోయంబేడు, నెసపాక్కం, పెరుంగుడి అనే చోట్ల శుద్ధి కేంద్రాలున్నాయి. 1978లో ప్రత్యేకంగా చట్టం చేసి తాగునీళ్లు, మురుగునీళ్లు రెండూ మెట్రోవాటర్ బోర్డు చేతికి ఇచ్చారు.

ఇక్కడ మన తెలుగువాళ్ల మాట ఒకటి చెప్పాలి. మన ఇంటికి వచ్చే తాగునీళ్లలో కృష్ణా నీళ్లున్నాయి. 1983లో ఎన్.టి. రామారావు గారు, ఎం.జి. రామచంద్రన్ గారు ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు తెలుగు గంగ ఒప్పందం అయింది. 12 టి.ఎం.సి.ల నీళ్లు కండలేరు నుంచి పూండి చెరువుకి కాలువలో రావాలి అని. 1996లో మొదటిసారి ఆ నీళ్లు తమిళనాడు హద్దు దాటాయి. ఆ కాలువని గురించి అందరం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ నీళ్లు మన ఇంట్లోకి వచ్చి, వాడుకున్నాక మురికై పోతాయి కదా. ఆ మురికి నీళ్ల దారిని శుభ్రం చేసినవాళ్లలో కూడా ఎంతోమంది నెల్లూరు, ఒంగోలు, గుంటూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే. ఆ సంగతి మనం చెప్పుకోం.

గొట్టం రాని వీధులు

2011 అక్టోబరులో చెన్నై కార్పొరేషన్ ఒక్కసారిగా పెద్దదైంది. 174 చదరపు కిలోమీటర్ల ఊరు 426 చదరపు కిలోమీటర్లయింది. 155 వార్డులు 200 అయ్యాయి. మా వీధి కూడా ఆ రోజు నుంచి చెన్నై అయింది. బోర్డు మారింది, పన్ను రసీదు మారింది. గొట్టం మాత్రం రాలేదు. ఇప్పటికీ మా వీధిలో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే.

సెప్టిక్ ట్యాంకు కూడా పాతదే. ఫ్రాన్స్‌లో మూరా అనే ఆయన 1860లలో అలాంటిది ఒకటి కట్టాడు. 1895లో ఇంగ్లండ్‌లోని ఎక్సిటర్ నగరంలో డొనాల్డ్ కామెరాన్ అనే సర్వేయరు దాన్ని బాగుచేసి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. అది పని చేసే పద్ధతి మా సైన్సు సారు చెప్పారు. బరువైనది అడుగున దిగుతుంది, నూనె లాంటిది పైన తేలుతుంది, మధ్యలో నీళ్లు బయటికి పోయి భూమిలో ఇంకుతాయి. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అడుగున ఉన్నదాన్ని మెల్లగా తింటాయి. కానీ అంతా తినలేవు. మిగిలిన మడ్డి ఏటేటా పెరుగుతుంది. అందుకని రెండు మూడేళ్లకు ఒకసారి దాన్ని తీయించాలి.

మన ఇళ్లల్లో అలా తీయిస్తామా? మా వీధిలో నేను పన్నెండు ఇళ్లు తిరిగి అడిగాను. తొమ్మిది ఇళ్లల్లో "నిండి పొంగితే పిలుస్తాం" అన్నారు. ఒక అవ్వయితే "ఇల్లు కట్టి పదహారేళ్లయింది, ఒక్కసారి కూడా తీయించలేదు, మాది మంచి ట్యాంకు" అని గొప్పగా చెప్పింది. నేను ఇంటికొచ్చి నాయనకు చెప్తే నవ్వి, "అది మంచి ట్యాంకు కాదు పాపా, అడుగు లేని ట్యాంకు. అంతా వాళ్ల బోరులోకే పోతుంటాది" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నవ్వు రాలేదు.

పొంగినప్పుడు పిలిచేది మా నాయన లాంటివాళ్లని. తమిళంలో కళివునీర్ లారీ అంటారు. పైపు వేసి పంపుతో పీల్చుకుంటుంది. మా నాయన నడిపే లారీలో 6,000 లీటర్లు పడుతుంది. నింపడానికి అరగంట చాలు. అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. నింపిన లారీ ఎక్కడికి పోతుంది?

కాలువలో పోస్తే ఏమవుతుంది?

నేను మొదట్లో అనుకున్నాను, అదీ మురుగే, డ్రైనేజీలోదీ మురుగే, దగ్గర్లో ఏదో ఒక మ్యాన్‌హోల్ మూత తీసి పోసేస్తే పోలేదా అని. తర్వాత తెలిసింది, రెండూ ఒకటి కాదు. డ్రైనేజీలో వచ్చేది స్నానం నీళ్లు, బట్టలుతికిన నీళ్లు అన్నీ కలిసి పలచగా ఉంటుంది. సెప్టిక్ ట్యాంకులోది ఏళ్ల తరబడి చిక్కబడిన మడ్డి. మామూలు మురుగు కంటే పది రెట్ల నుంచి వంద రెట్ల దాకా ఘాటుగా ఉంటుంది. ఇరవై రెట్లే అనుకుందాం. అప్పుడు మా నాయన లారీలోని 6,000 లీటర్లు 1,20,000 లీటర్ల మురుగుతో సమానం. 1910 నాటి లెక్క ప్రకారం మనిషికి 114 లీటర్లు కాబట్టి, ఒక్క లారీ అంటే వెయ్యి మందికి పైగా ఒక రోజులో వదిలిన మురుగు. అది అయిదు నిమిషాల్లో ఒక్క చోట పడుతుంది.

శుద్ధి కేంద్రంలో మురుగుని తినేది కూడా సూక్ష్మజీవులే. వాటికి రోజూ ఒకే మోతాదులో తిండి అందాలి. ఒకేసారి అంత పడితే తట్టుకోలేవు. దాంట్లో ఏ ఫ్యాక్టరీ రసాయనమో కలిసి ఉంటే చచ్చిపోతాయి. అవి చచ్చిపోతే మొత్తం ఊరి మురుగు శుద్ధి కాకుండానే బయటికి పోతుంది. మడ్డిలోని ఇసుక, గుడ్డలు గొట్టంలో అడ్డుపడతాయి, పంపులు పాడవుతాయి. అందుకనే చాలా నగరాలు ఇలాంటి రూల్స్ పెడతాయి. ఎక్కడ పోయాలో చోటు చెప్తారు. ఎవరు పోయవచ్చో లైసెన్సు ఇస్తారు. ఏ ఇంటి నుంచి తెచ్చారో రాసిపెట్టమంటారు. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలపకూడదంటారు. లోడుకు ఇంత అని రుసుం తీసుకుంటారు.

ఈ రూల్స్ మన దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి. 2008లో కేంద్ర ప్రభుత్వం పట్టణ పారిశుద్ధ్య విధానం ప్రకటించింది. 2014లో తమిళనాడు ప్రభుత్వం సెప్టిక్ మడ్డి గురించి స్థానిక సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. శుద్ధి కేంద్రం దగ్గర్లో ఉన్న ఊర్లు తమ లారీలను అక్కడికే పంపాలి, లేనిచోట ప్రత్యేకంగా కేంద్రం కట్టుకోవాలి అని అందులో ఉంది. అలా కట్టినవాటిలో తమిళనాడులో మొదటిది చెన్నైకి దక్షిణాన కరుంగుళిలో వచ్చింది. మన కర్ణాటక పాఠకులకు దగ్గరగా ఉండే దేవనహళ్ళిలో 2015లోనే సెప్టిక్ మడ్డి కోసం కేంద్రం కట్టారు. తెలంగాణలో వరంగల్ నగరం 2016లో దీని కోసం సొంతంగా నిబంధనలు చేసుకుంది. దేశంలో ముందుగా ఆ పని చేసిన నగరాల్లో అది ఒకటి. 2017లో దేశం మొత్తానికి ఒక విధానం వచ్చింది. తమిళనాడులో 2022లో చట్టం సవరించి, 2023 మొదట్లో నిబంధనలు తెచ్చారు. లారీకి స్థానిక సంస్థ దగ్గర 2,000 రూపాయలు కట్టి రెండేళ్లకు లైసెన్సు తీసుకోవాలి. కాలువలో, చెరువులో పోస్తే మొదటిసారి 25,000, మళ్లీ పోస్తే 50,000 జరిమానా. అప్పటికీ మానకపోతే లైసెన్సు పోతుంది.

అంటే 1910లో గొట్టాల ఇళ్లకు లెక్క వేసిన ఊరు, గొట్టం లేని ఇళ్లకు లెక్క వేయడానికి ఇంకో వందేళ్లు తీసుకుంది.

నాయన చెప్పినది

ఈ వ్యాసం కోసం నాయనను అడగడానికి నాకు వారం పట్టింది. ఒక ఆదివారం అన్నం తింటున్నప్పుడు అడిగేశాను. "నువ్వు ఎప్పుడైనా కాలువలో పోశావా నాయనా?"

అమ్మ నన్ను గదమాయించింది. నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పోశాను" అన్నాడు.

అప్పుడు ఆయన వేరే యజమాని దగ్గర పని చేసేవాడు. రోజుకు ఇన్ని ట్రిప్పులు అని లెక్క. మడ్డి పోయడానికి అనుమతి ఉన్న చోటికి పోతే లారీలు వరసగా నిలబడి ఉండేవి. రెండు మూడు గంటలు ఆగాలి. పోను రాను డీజిల్, లోడుకు రుసుం. యజమాని ఫోన్ చేసి "అంతసేపు ఎందుకు, దారిలో వాన నీటి కాలువ లేదా" అనేవాడు. చీకట్లో నాలుగైదు సార్లు అలా పోశానని నాయన చెప్పాడు. వాన నీటి కాలువ డ్రైనేజీలో కలవదు, నేరుగా కూవంలోకో, అడయార్‌లోకో, బకింగ్‌హాం కాలువలోకో పోతుంది. ఒకప్పుడు పెదగంజాం నుంచి మద్రాసుకు పడవలు నడిచిన కాలువ అది. మన పెద్దలు బియ్యం బస్తాలతో వచ్చిన దారి. ఆ నీళ్లలో ఇప్పుడు ఏముందో చెప్పనక్కర్లేదు.

"తప్పని తెలీదా?" అన్నాను.

"తెలుసు పాపా. అందుకే రాత్రి పోశాను" అన్నాడు.

ఇది రాయొచ్చా అని అడిగాను. "రాయి. నా పేరు రాయొద్దు. కానీ డ్రైవర్ ఒక్కడిదే తప్పని కూడా రాయొద్దు" అన్నాడు. ఆలోచిస్తే అది నిజమనిపించింది. ఇంటివాళ్లు తక్కువకి బేరమాడతారు, లారీ గేటు దాటితే చాలు ఎక్కడ పోశావని ఒక్కరూ అడగరు. యజమాని ట్రిప్పులు లెక్కపెడతాడు. పోసే చోట్లు తక్కువ, దూరం ఎక్కువ. జరిమానా రూలు పుస్తకంలో పెట్టడం సులభమే, పోసే చోటు దగ్గర్లో పెట్టడమే కష్టం. రెండూ ఉంటేనే రూలు నడుస్తుంది. ఇప్పుడు నాయన నడిపే లారీకి లైసెన్సు ఉంది, తన దగ్గర చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి లోడూ ఎక్కడ నింపింది, ఎక్కడ పోసింది రాసుకుంటాడు. అక్షరాలు వంకరగా ఉంటాయి కానీ తేదీలు తప్పవు.

తాత చెప్పినది

లారీ రాకముందు, పంపు రాకముందు, గొట్టం అడ్డుపడితే మనిషే దిగాలి. మా తాత నెల్లూరు జిల్లా నుంచి పదహారేళ్లకు ఇక్కడికి వచ్చి ఆ పనిలో చేరాడు. దిగేముందు ఏం చేసేవాళ్లని అడిగాను. "మూత తీసి అట్టే పెట్టేసేవాళ్లం. ముందరి మూత, ఎనకటి మూత కూడా తీసేవాళ్లం. గాలి పోనీ అని. నడుముకి తాడు. పైన ఇద్దరు పట్టుకోవాల. కంపు కొడతా ఉంటే పర్లేదు. ఉన్నట్టుండి కంపు తెలీకుండా పోయిందంటేనే భయం. తాడు లాగాల" అన్నాడు.

నేను సైన్సు పుస్తకం తీసి చూశాను, సారుని కూడా అడిగాను. తాత చెప్పింది అక్షరాలా నిజం. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అప్పుడు మనిషి నిమిషాల్లో పడిపోతాడు. బడికి పోని మా తాతకు ఆ సంగతి తెలుసు. ఎట్లా తెలిసిందని అడిగితే, "ఇద్దరు పోయినాక తెలిసింది" అన్నాడు. వాళ్ల పేర్లు చెప్పాడు. అవి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఈ చావులను ఆపడానికి కూడా ఒక చరిత్ర ఉంది, అందులో కూడా మనవాళ్లున్నారు. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊర్లో ఒక తెలుగు కుటుంబంలో 1966లో బెజవాడ విల్సన్ గారు పుట్టారు. వాళ్ల ఇంట్లోవాళ్లు ఆ కాలనీలో మరుగుదొడ్లు చేతులతో ఎత్తే పని చేసేవాళ్లు. చదువుకున్నాక ఆయన ఆ పని పోవాలని పోరాటం మొదలుపెట్టారు. సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంస్థ అలా పుట్టింది. తమిళనాడులో పుట్టి ఆంధ్రప్రదేశ్‌లో కలెక్టరుగా, పెద్ద అధికారిగా పని చేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు ఆయనకు తోడుగా నిలిచారు. ఒక తమిళనాడు బిడ్డ, ఒక తెలుగు బిడ్డ కలిసి చేసిన పని ఇది. 2016లో విల్సన్ గారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

1993లో మొదటి చట్టం వచ్చింది, మనుషులతో మలం ఎత్తించడం నేరమని. ఉన్న చట్టం అమలు కావడం లేదని 2003లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. 2013లో ఇంకో చట్టం వచ్చింది. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లో గానీ సెప్టిక్ ట్యాంకులో గానీ మనిషిని దింపడం ఆ చట్టం ప్రకారం నేరం. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1993 నుంచి అలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరులో ఇంకో తీర్పులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. మనిషిని మ్యాన్‌హోల్‌లో దింపే పద్ధతే లేకుండా చేయాలని ప్రభుత్వాలకు చెప్పింది. అయినా పేపర్లో ఆ వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటిలో ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల దగ్గర జరిగినవీ ఉన్నాయి. మన వీధుల్లో కూడా.

తాతకు ఈ చట్టాలన్నీ చదివి వినిపించాను. అంతా విని "చట్టం బాగుంది. తాడు పట్టుకునేవాడు కూడా బాగుండాల" అన్నాడు.

మనం చేయగలిగింది

ఇదంతా రాశాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఊరి చరిత్రలో నీళ్లు తెచ్చినవాళ్ల పేర్లు ఉంటాయి, నీళ్లు తీసుకుపోయినవాళ్ల పేర్లు ఉండవు. రూల్స్ కూడా అలాగే వచ్చాయి. మొదట గొట్టాలకి, చాలా కాలం తర్వాతే మనుషులకి, లారీలకి. వరస తిరగబడి ఉండాల్సింది అని నా అభిప్రాయం.

పెద్దవాళ్లకు చెప్పేంత దాన్ని కాదు. కానీ అమ్మానాన్నలు ఈ పత్రిక చదువుతారని టీచరుగారు చెప్పారు, కాబట్టి నాలుగు మాటలు. మీ ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఉంటే చివరిసారి ఎప్పుడు తీయించారో ఒక చోట రాసిపెట్టుకోండి. పొంగేదాకా ఆగొద్దు. లారీ వచ్చినప్పుడు లైసెన్సు ఉందా, ఎక్కడ పోస్తావు అని అడగండి. ఎంత గట్టిగా బేరమాడితే లారీ అంత దగ్గర్లోని కాలువకు పోతుందని గుర్తుపెట్టుకోండి. ఎవరైనా సరే, ఎంత డబ్బు ఇస్తామన్నా, మనిషిని ట్యాంకులోకి దింపనివ్వకండి. అలాంటిది జరుగుతుంటే ఫోన్ చేయడానికి 14420 అనే నంబరు ఉంది. చివరగా, పని చేసినవాళ్లు మంచినీళ్లు అడిగితే మీరు తాగే గ్లాసులోనే ఇవ్వండి. ఇది ఏ రూల్స్ పుస్తకంలోనూ లేదు. మా నాయన చెప్పమన్నాడు.

ఈ సంవత్సరం పదో తరగతి పరీక్ష ఫారం నింపేటప్పుడు 'తండ్రి వృత్తి' అన్న చోట పోయినసారి లాగే 'డ్రైవర్' అని రాయబోయాను. కాసేపు ఆగి 'సెప్టిక్ ట్యాంకు లారీ డ్రైవర్' అని రాశాను. గడి చిన్నది, అక్షరాలు కొంచెం బయటికి వచ్చాయి. టీచరుగారు చూసి, ఏమీ దిద్దకుండా సంతకం పెట్టారు.